కౌమార స్థూలకాయం – కొలమానాల చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కౌమారదశలోని బాలబాలికల్లో అధిక బరువును, స్థూలకాయాన్ని గుర్తించడానికి నేడు ప్రపంచమంతటా వాడుతున్న ప్రధాన సాధనం బి.ఎం.ఐ. అనే పేరుతో ప్రసిద్ధమైన శరీర ద్రవ్యరాశి సూచిక. 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెటెలెట్ పరిశీలనల్లో పుట్టిన ఈ నిష్పత్తి మొదట వయోజనుల కొలమానంగా స్థిరపడింది. కౌమారానికి దాని అన్వయం విస్తృతమైంది 1990ల నుండే. ఆ పరిణామాన్ని ఈ వ్యాసం నిష్పత్తి, పోలిక సమూహం, హద్దు అనే మూడు అంశాల ఆధారంగా పరిశీలిస్తుంది. ప్రతి కొలమానం వెనుకా ఎవరి శరీరాన్ని ప్రమాణంగా తీసుకోవాలనే ఒక నిర్ణయం ఉందనీ, ఆ నిర్ణయాన్ని గమనించకుండా భారతీయ కౌమారుల గణాంకాలను చదివితే అపార్థాలకు తావిచ్చినట్లవుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కౌమారం, స్థూలకాయం, అధిక బరువు, శరీర ద్రవ్యరాశి సూచిక, పెరుగుదల పటం, పర్సెంటైల్, జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాదు.

1. ప్రవేశిక

సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడిని చూసి “కాస్త ఒళ్ళు చేశాడు” అనడం తెలుగు ఇళ్ళలో చాలాకాలంగా మెచ్చుకోలు మాట. బొద్దు, పుష్టి, నిండు వంటి పదాలలో ఆరోగ్యమూ అందమూ కలిమీ కలగలిసి ఉంటాయి. కరవులు, అంటురోగాలు చూసిన సమాజంలో పిల్లలు బక్కచిక్కడమే భయపెట్టే విషయం. ఆ మెచ్చుకోలుకు అంకె లేదు. చూసినవారి కన్నే దానికి కొలత. నేడు అదే పిల్లవాడు పాఠశాల ఆరోగ్య పరీక్షలో బరువు తూచే యంత్రం ఎక్కితే, ఎత్తు బరువుల నుండి ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య అతనిని ‘సాధారణం’, ‘అధిక బరువు’, ‘స్థూలకాయం’ అనే వర్గాలలో ఒకదానిలో చేరుస్తుంది. కంటి అంచనా నుండి సంఖ్యా వర్గానికి జరిగిన ఈ మార్పు వైద్యశాస్త్ర విషయం మాత్రమే కాదు, చరిత్ర విషయం కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుండి 19 సంవత్సరాల మధ్య వయసును కౌమారంగా నిర్వచిస్తుంది. శైశవం తరువాత మనిషి అత్యంత వేగంగా పెరిగే కాలం ఇదే. ఎత్తు పెరిగే వేగం బాలికల్లో సగటున 12 ఏళ్ళ ప్రాంతంలోనూ, బాలురలో 14 ఏళ్ళ ప్రాంతంలోనూ శిఖరానికి చేరుతుంది. ఇదే కాలంలో బాలురలో కండ, ఎముక ఎక్కువగా పెరిగితే బాలికల్లో కొవ్వు సహజంగానే పెరుగుతుంది. పైగా ఒకే తరగతిలో చదివే ఇద్దరు పిల్లలు ఈ మార్పులలో రెండు మూడేళ్ళ తేడాతో ఉండవచ్చు. కాబట్టి కౌమారంలో బరువు పెరగడం ఎదుగుదలకు గుర్తా, స్థూలకాయానికి గుర్తా అనే ప్రశ్నకు తూకం ఒక్కటే జవాబు చెప్పలేదు.

ఈ ఇబ్బందిని దాటడానికి శాస్త్రవేత్తలు మూడు ప్రశ్నలకు సమాధానం వెతకవలసి వచ్చింది. ఎత్తును, బరువును ఏ నిష్పత్తిలో కలపాలి? వచ్చిన సంఖ్యను ఎవరితో పోల్చాలి? ఎక్కడ గీత గీయాలి? గత రెండు శతాబ్దాల కొలమానాల చరిత్ర ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగింది.

2. సంఖ్యకు పూర్వం: శరీర ప్రమాణం అనే భావన

శరీరానికి ఒక ప్రమాణం ఉండాలనే ఆలోచన ప్రాచీనమైనదే. చరకసంహిత సూత్రస్థానంలోని అష్టౌనిందితీయాధ్యాయం నింద్యమైన ఎనిమిది రకాల శరీరాలను పేర్కొని, వాటిలో అతిస్థూల, అతికృశ శరీరాలను ప్రత్యేకంగా చర్చిస్తుంది. ఆ రెండింటిలో కార్శ్యమే మేలని, స్థౌల్యానికి చికిత్స కష్టమని అభిప్రాయపడుతుంది. అదే సంహిత విమానస్థానంలో అవయవాల కొలతలు కూడా ఉన్నాయి. అయితే అక్కడి కొలత రోగి సొంత అంగుళమే; ఎవరి అంగుళాలతో వారి దేహం 84 అంగుళాల ఎత్తు ఉండాలని ఆ గ్రంథం చెబుతుంది. అంటే ఈ పద్ధతి ఒక శరీరంలోని భాగాలను ఆ శరీరంతోనే సరిచూస్తుంది తప్ప జనసమూహపు సగటుతో పోల్చదు. ఆధునిక కొలమానానికి, దీనికి మధ్య ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

ఎదిగే పిల్లవాడిని క్రమపద్ధతిలో కొలిచి నమోదు చేసిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ ఫ్రాన్సు నుండి లభిస్తుంది. ఫిలిబెర్ గెనో ద మోంబెయార్ తన కుమారుడి ఎత్తును 1759లో పుట్టినప్పటి నుండి 1777 వరకు కొలుస్తూ వచ్చాడు. ఆ వివరాలను ప్రకృతి శాస్త్రవేత్త బఫన్ తన రచనలో ప్రచురించాడు. కౌమారంలో పెరుగుదల వేగం ఒక్కసారిగా హెచ్చడం ఆ నమోదులో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క బాలుడి నుండి జనసమూహానికి కొలతను విస్తరించిన పని తరువాతి శతాబ్దంలో జరిగింది.

3. క్వెటెలెట్ సూత్రం – అందులోని మినహాయింపు

అడాల్ఫ్ క్వెటెలెట్ 1796లో గెంట్ నగరంలో జన్మించాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడైన ఆయన నక్షత్రాల పరిశీలనలో వాడే గణాంక పద్ధతులను మనుషులకు అన్వయించి, 1835లో ప్రచురించిన గ్రంథంలో ‘సగటు మనిషి’ అనే భావనను ప్రతిపాదించాడు. జననాలు, మరణాలు, నేరాలతో పాటు మనుషుల ఎత్తు బరువులు కూడా ఆయన పరిశీలనకు వచ్చాయి.

మనిషి పొడవు, వెడల్పు, మందం ఒకే నిష్పత్తిలో పెరిగితే బరువు ఎత్తు ఘనానికి అనుగుణంగా పెరగాలి. వాస్తవం అలా లేదని క్వెటెలెట్ గమనించాడు. పెద్దవారిలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుందని తేల్చాడు. తరువాతి కాలంలో కిలోగ్రాముల బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగించే సూత్రానికి మూలం ఇదే. క్వెటెలెట్ సూచిక అనే పేరు కూడా ఇందువల్లే వచ్చింది.

అయితే ఎదిగే వయసు గురించి ఆయన వేరుగా చెప్పాడు. మొదటి ఏడాదిలో పెరుగుదల ఘన సూత్రానికి దగ్గరగా ఉంటుందనీ, అటుపై యుక్తవయసు సమీపించేవరకు వర్గ సూత్రానికి దగ్గరగా ఉంటుందనీ, యుక్తవయసులో బరువు మళ్ళీ అతివేగంగా పెరుగుతుందనీ వివరించాడు. మొత్తం ఎదుగుదల కాలాన్ని ఒకే సూత్రంలో చెప్పవలసివస్తే బరువు వర్గం ఎత్తు అయిదవ ఘాతాన్ని అనుసరిస్తుందన్నాడు. అంటే ఘాతం రెండు కాదు, రెండున్నర. స్థూలకాయాన్ని కొలవడం ఆయన ఉద్దేశం కాదు. సగటు మనిషి ఎదుగుదల నియమాన్ని కనుగొనడమే ఆయన లక్ష్యం. నేడు కౌమారులకు వాడుతున్న సూత్రపు మూలకర్తయే కౌమారం ఆ సూత్రానికి పూర్తిగా లొంగదని గుర్తించాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

ఘాతం గురించిన సందేహం తరువాత కూడా కొనసాగింది. 1921లో ఫ్రిట్జ్ రోరర్ బరువును ఎత్తు ఘనంతో భాగించే సూచికను ప్రతిపాదించాడు. 1980లలో బ్రిటన్ గణాంకవేత్త టిమ్ కోల్ వయసును బట్టి తగిన ఘాతం మారుతుందనీ, యుక్తవయసు ప్రాంతంలో అది మూడుకు దగ్గరగా పెరిగి తరువాత రెండుకు దిగుతుందనీ చూపాడు. క్వెటెలెట్ గమనించిన మినహాయింపును ఒకటిన్నర శతాబ్దం తరువాత ఆధునిక గణాంకాలు మరోసారి బలపరిచాయి.

4. తక్కువ బరువును వెతికిన కాలం

20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో పిల్లలను తూచినవారు వెతికింది లావును కాదు, సన్నదనాన్ని. అమెరికాలో 1918ని బాలల సంవత్సరంగా ప్రకటించి పిల్లల ఎత్తు బరువులను పెద్దఎత్తున కొలిచారు. 1920లలో బర్డ్ బాల్డ్విన్, థామస్ వుడ్ రూపొందించిన వయసు–ఎత్తు–బరువు పట్టికలు అక్కడి పాఠశాలల్లో వ్యాపించాయి. ఎత్తుకు తగిన సగటు బరువుకంటే 7 లేదా 10 శాతం తక్కువ ఉన్న పిల్లలను పోషకాహార లోపం ఉన్నవారిగా లెక్కించడం నాటి వాడుక.

అధిక బరువు మీద దృష్టి పెట్టింది జీవిత బీమా సంస్థలు. పాలసీదారుల మరణాల రేటును బరువుతో పోల్చి చూసిన మెట్రొపాలిటన్ లైఫ్ సంస్థ, లూయీ డబ్లిన్ ఆధ్వర్యంలో 1942–43లో ‘ఆదర్శ బరువు’ పట్టికలను వెలువరించింది. ఆ పట్టికలు పెద్దవారివి. బీమా కట్టగలిగిన స్తోమత ఉన్నవారి నుండి వచ్చినవి. వాటిలో కౌమారులకు చోటులేదు.

బరువు ఎక్కువైతే కొవ్వు ఎక్కువైనట్లేనా అన్న ప్రశ్నకు అదే 1942లో ఒక సమాధానం లభించింది. అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకె, వెల్హాంతో కలిసి 25 మంది వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారులను పరీక్షించాడు. బరువు పట్టికల ప్రకారం వారిలో 17 మంది సైన్యానికి పనికిరారు. నీటిలో తూచి శరీర సాంద్రతను లెక్కిస్తే వారి అధిక బరువు చాలావరకు కండదేనని తేలింది. ఆ పరిశీలన వయోజనులకు చెందినదే అయినా, కండ వేగంగా పెరిగే 15 ఏళ్ళ బాలుడికి అది మరింతగా వర్తిస్తుంది.

5. కౌమారపు గడియారం: బోవాస్ నుండి టానర్ వరకు

పుట్టినతేదీ చెప్పే వయసు ఒకటి, శరీరం చేరుకున్న దశ మరొకటి. ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తించినవారిలో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోవాస్ ప్రముఖుడు. ముందుగా ఎదిగేవారినీ, ఆలస్యంగా ఎదిగేవారినీ కలిపి సగటు తీస్తే వచ్చే రేఖ ఏ ఒక్క పిల్లవాడి ఎదుగుదలనూ ప్రతిబింబించదని ఆయన 1890లలోనే వివరించాడు. పిల్లలందరూ ఒకే దారిలో నడిచినా ఒకే వేగంతో నడవరన్నది ఆయన పరిశోధన సారాంశం.

ఈ ఆలోచనను సాధనంగా మలచినవాడు ఇంగ్లండుకు చెందిన జేమ్స్ టానర్. 1940ల చివర హార్పెండెన్‌లోని ఒక బాలల వసతిగృహంలో మొదలైన అధ్యయనంలో ఆయన, రెజినాల్డ్ వైట్‌హౌస్ ఒకే పిల్లలను ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. యుక్తవయసు శారీరక మార్పులను అయిదు దశలుగా విభజించిన టానర్ పద్ధతిని బాలవైద్యులు నేటికీ వాడుతున్నారు. 1966లో టానర్, వైట్‌హౌస్, తకాయిషి ప్రచురించిన బ్రిటిష్ పెరుగుదల పటాలు ఎత్తు బరువులనే కాక అవి పెరిగే వేగాన్ని కూడా చూపాయి. చర్మపు మడత మందాన్ని కొలిచే సాధనాల్లో ఒకటి హార్పెండెన్ పేరుతోనే ప్రసిద్ధమైంది.

చర్మపు మడత కొలత కొవ్వుకు బరువుకంటే దగ్గరైన ఆధారం. 1965లో కార్ల్ సెల్ట్జర్, జాఁ మేయర్ భుజం వెనుక భాగంలోని చర్మపు మడత మందాన్ని బట్టి స్థూలకాయాన్ని నిర్ణయించే హద్దులను వయసులవారీగా సూచించారు. అయితే ఆ కొలత తీసేవారి చేతివాటాన్ని బట్టి మారుతుంది. వేలాదిమంది పిల్లలను పరీక్షించే చోట శిక్షణ, సమయం రెండూ కావాలి. ఎత్తు బరువుల కొలత సులభం, చవక. కొవ్వును చెప్పడంలో చర్మపు మడతదే పైచేయి అయినా, ఆచరణలో ఎత్తు బరువుల సూచికే నిలిచింది.

6. నామకరణం, ఒక మౌనం

1972లో ఏన్సెల్ కీస్ బృందం అయిదు దేశాలకు చెందిన 7,400 మందికి పైగా పురుషుల వివరాలను పరిశీలించి, అప్పటికి వాడుకలో ఉన్న సూచికలలో క్వెటెలెట్ నిష్పత్తి మేలైనదని తేల్చింది. శరీర ద్రవ్యరాశి సూచిక అనే పేరు దానికి స్థిరపడింది ఆ వ్యాసంతోనే. పరిశీలించిన సమూహంలో స్త్రీలు లేరు, పిల్లలు లేరు.

1977లో అమెరికా జాతీయ ఆరోగ్య గణాంక కేంద్రం పిల్లల పెరుగుదల పటాలను విడుదల చేసింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని అంతర్జాతీయ వినియోగానికి స్వీకరించింది. వాటిలో ఎత్తుకు తగిన బరువును చూపే పటం యుక్తవయసుకు ముందే ఆగిపోతుంది. బాలురకు 11½ ఏళ్ళు, 145 సెంటీమీటర్లు; బాలికలకు 10 ఏళ్ళు, 137 సెంటీమీటర్లు దాని అవధి. యుక్తవయసులో ఎత్తు బరువుల సంబంధం పిల్లల దశను బట్టి మారిపోతుంది కనుక ఆ పటాన్ని అక్కడితో ఆపారు. ఈ మౌనం శాస్త్రీయంగా నిజాయితీ గలది. కానీ స్థూలకాయం గురించి ఆందోళన పెరిగిన కాలంలో అది ఎక్కువకాలం నిలవలేదు.

7. పోలిక సమూహాలు, హద్దులు: 1991–2007

1991లో అవివా మస్ట్, జెరార్డ్ డల్లాల్, విలియం డీట్జ్ 1971–74 నాటి అమెరికా జాతీయ సర్వే ఆధారంగా ద్రవ్యరాశి సూచికకు వయసులవారీ 85వ, 95వ పర్సెంటైల్ విలువలను ప్రచురించారు. నూరుమందిని సూచిక క్రమంలో నిలబెడితే 85వ స్థానంలో ఉండే విలువ 85వ పర్సెంటైల్. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఆ 85వ పర్సెంటైల్‌ను కౌమారంలో అధిక బరువు ముప్పుకు హద్దుగా స్వీకరించింది. స్థూలకాయమని నిర్ధారించడానికి మాత్రం రెండుచోట్ల చర్మపు మడత మందం కూడా 90వ పర్సెంటైల్‌కు చేరాలని షరతు పెట్టింది. ద్రవ్యరాశి సూచిక ఒక్కటే చాలదన్న జాగ్రత్త ఆ షరతులో ఉంది. తరువాతి హద్దులలో అది కనుమరుగైంది.

2000లో రెండు భిన్నమైన ఆలోచనలు వెలువడ్డాయి. టిమ్ కోల్ బృందం బ్రెజిల్, బ్రిటన్, హాంకాంగ్, నెదర్లాండ్స్, సింగపూర్, అమెరికా దేశాల వివరాలను కలిపి, 18 ఏళ్ళకు సరిగ్గా 25, 30 విలువలకు చేరే రేఖలను గీసింది. పెద్దవారి హద్దును బాల్యంలోకి వెనక్కు పొడిగించడం దీనిలోని మౌలిక సూత్రం. ఆ ఆరు దేశాలలో భారతదేశం లేదు. అదే ఏడాది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కొత్త పటాలను విడుదల చేసింది. వాటి తయారీలో 1988–94 సర్వేలో నమోదైన ఆరేళ్ళు, ఆపై వయసు పిల్లల బరువులను ఉద్దేశపూర్వకంగా పక్కనపెట్టారు. పిల్లలు బరువెక్కుతున్న కాలపు కొలతలను చేరిస్తే ప్రమాణం కూడా వారితోపాటే పెరిగి, స్థూలకాయం లెక్కలో తగ్గిపోతుందన్నది కారణం. అంటే పిల్లలు ఎలా ఉన్నారన్నదానికంటే ఎలా ఉండాలన్నదానికి ఆ పటం ప్రాధాన్యమిచ్చింది.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 5–19 ఏళ్ళ వారికి మరో పటాన్ని రూపొందించింది. అయిదేళ్ళలోపు పిల్లల కోసం అంతకుముందు వెలువరించిన ప్రమాణాలకు భారతదేశంతో సహా ఆరు దేశాల పిల్లలు ఆధారం. అయిదేళ్ళు దాటిన వారికి మాత్రం 1977 నాటి అమెరికా సమూహాన్నే కొత్త గణాంక పద్ధతితో పునర్నిర్మించారు. సగటుకు ఒక ప్రామాణిక విచలనం మించితే అధిక బరువు, రెండు మించితే స్థూలకాయం, రెండు తగ్గితే కృశత్వం అని నిర్ణయించారు. 19 ఏళ్ళ వయసులో ఈ హద్దులు పెద్దవారి 25, 30 విలువలకు దాదాపు సరిపోతాయి.

ఈ తేడాలు ఒక పిల్లవాడి విషయంలో ఎలా పనిచేస్తాయో లెక్క వేసి చూడవచ్చు. 14 ఏళ్ళు నిండిన బాలుడు 160 సెంటీమీటర్ల ఎత్తు, 57 కిలోల బరువు ఉన్నాడనుకుందాం. 57ను 1.6 వర్గమైన 2.56తో భాగిస్తే సూచిక సుమారు 22.3. ఆ వయసు బాలురకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 హద్దు సుమారు 21.8, కాబట్టి అతడు అధిక బరువు గలవాడు. కోల్ బృందపు 2000 నాటి హద్దు సుమారు 22.6, కాబట్టి అతడు సాధారణ బరువు గలవాడు. శరీరం ఒకటే, తూకం ఒకటే. పటం మారితే వర్గం మారింది. వేర్వేరు పటాలు వాడిన అధ్యయనాల శాతాలను పక్కపక్కన పెట్టి పెరుగుదల, తగ్గుదల నిర్ణయించడం ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది.

8. భారతదేశం – హైదరాబాదు అనుభవం

భారతదేశంలో పోషకాహార పరిశోధనకు కేంద్రమైన సంస్థ చరిత్రలోనే ఈ దృష్టి మార్పును చూడవచ్చు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధి పరిశోధనగా మొదలైన ప్రయత్నం పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చింది. 1972లో అక్కడ ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగానికి ప్రధాన ఆందోళన లేమి. బెరిబెరి నుండి ప్రొటీన్ లోపం వరకు ఆ సంస్థ వెతికింది తక్కువైనదాన్నే. అలాంటి సంస్థకు చెందిన పరిశోధకులే 21వ శతాబ్దం తొలి దశాబ్దంలో హైదరాబాదు నగరంలోని 12–17 ఏళ్ళ వారిని పరిశీలించి బాలురలో సుమారు 6 శాతం, బాలికల్లో సుమారు 8 శాతం అధిక బరువు ఉన్నట్లు గుర్తించారు.

భారతీయ పిల్లలకు సొంత ప్రమాణం కావాలనే ప్రయత్నం అంతకుముందే మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి 1956–65 మధ్య సేకరించిన కొలతలను 1972లో ప్రచురించింది. అందులోని పిల్లలలో అధికులు పేద కుటుంబాలవారు కావడంతో అది ఉన్న స్థితిని చూపే పటమే అయింది, ఉండవలసిన స్థితిని చూపలేదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి కె.ఎన్. అగర్వాల్ బృందం 1989–91లో సంపన్న కుటుంబాల పిల్లలను కొలిచి 1992లో ఫలితాలను ప్రకటించింది. ఆ తరువాతి తరంలో సంపన్నుల పిల్లలు అతిగా బరువెక్కుతున్నట్లు కనిపించింది. 2015లో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కొత్త పటాలను రూపొందించేటప్పుడు హైదరాబాదుతో సహా 14 నగరాల పిల్లల వివరాలను సేకరించి, వారిలో అధిక బరువు గలవారిని తొలగించి రేఖలు గీసింది. అమెరికా 2000లో ఎదుర్కొన్న చిక్కు ఇక్కడ పదిహేనేళ్ళ తరువాత ఎదురైంది. పేదరికం ఒక ప్రమాణాన్ని కిందికి లాగితే, కలిమి మరో ప్రమాణాన్ని పైకి నెట్టింది.

అకాడమీ పటాలలో మరో ప్రత్యేకత ఉంది. పెద్దవారి 25, 30 విలువలకు బదులు 23, 27 విలువలకు చేరే రేఖలను అవి హద్దులుగా తీసుకున్నాయి. ఆసియావాసులలో తక్కువ సూచిక వద్దే మధుమేహం, హృద్రోగం ముప్పు కనిపిస్తున్నదని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంప్రదింపులు గుర్తించడం దీనికి నేపథ్యం. అదే ఏడాది పుణె పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ తమ సొంత శరీరాలనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి సూచిక 22.3. కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌లో 21.2 శాతం, యడ్కిన్‌లో 9.1 శాతం. సన్నగా కనిపించే భారతీయ శరీరంలో దాగిన కొవ్వును సూచిక పట్టుకోలేదని ఈ ఉదాహరణ తేటతెల్లం చేసింది.

లేమికి, స్థూలకాయానికి మధ్య ఉన్న సంబంధాన్ని హైదరాబాదు పరిసర గ్రామాల అధ్యయనం మరో కోణంలో చూపింది. 1987–90 మధ్య కొన్ని గ్రామాల్లోని గర్భవతులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందించారు. పొరుగున ఉన్న మరికొన్ని గ్రామాలకు ఆ కార్యక్రమం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వయసుకు వచ్చాక, 2003–05లో 29 గ్రామాలకు చెందిన 1,165 మందిని మళ్ళీ కొలిచారు. అదనపు ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. శరీరంలో కొవ్వు పాళ్ళలో చెప్పుకోదగిన తేడా లేదు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల స్థితి మాత్రం వారిలో మెరుగ్గా ఉన్నాయి. చిన్ననాటి ఆహారం మిగిల్చిన మేలు స్థూలకాయపు కొలతలో కనిపించలేదు. రక్త పరీక్షలో, రక్తనాళాల పరీక్షలో కనిపించింది.

9. గణాంకాలను చదివే తీరు

2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం భారతదేశంలోని 10–19 ఏళ్ళ వారిలో 24 శాతం కృశులు, 5 శాతం అధిక బరువు గలవారు. మొదటి చూపులో ఇది లేమి సమస్య మాత్రమే అనిపిస్తుంది. కానీ అదే సర్వేలో అదే వయసువారిలో సుమారు 10 శాతం మందిలో మధుమేహ పూర్వస్థితి కనిపించింది. అధిక బరువు గలవారి సంఖ్యకు అది రెట్టింపు. అధిక బరువున్న ప్రతి ఒక్కరినీ అందులో చేర్చినా, మధుమేహ పూర్వస్థితిలో ఉన్నవారిలో కనీసం సగం మందిని బరువు హద్దు పట్టుకోలేదన్నమాట.

హద్దుల నిర్మాణంలోని అసమానతను కూడా ఇక్కడ గుర్తించాలి. పోలిక సమూహంలో ఒక ప్రామాణిక విచలనాన్ని మించినవారు దాదాపు 16 శాతం ఉంటారు. రెండు విచలనాలు తగ్గినవారు రెండు శాతానికి కొంచెం ఎక్కువ. అంటే అధిక బరువుకు గీసిన గీత సగటుకు దగ్గరగా, కృశత్వానికి గీసినది దూరంగా ఉన్నాయి. ఈ నేపథ్యంలో 24, 5 అనే అంకెలను నేరుగా పోల్చడం సరికాదు.

2025 జనవరిలో లాన్సెట్ పత్రిక నియమించిన అంతర్జాతీయ సంఘం ద్రవ్యరాశి సూచికను ఒక్కదాన్నే ఆధారం చేసుకుని వ్యక్తుల్లో స్థూలకాయాన్ని నిర్ధారించవద్దని సూచించింది. నడుము చుట్టుకొలత వంటి మరో కొలతతో గానీ, కొవ్వును నేరుగా కొలిచి గానీ దాన్ని సరిచూడాలని, అవయవాల పనితీరు దెబ్బతిన్న స్థితిని వేరుగా గుర్తించాలని చెప్పింది. చర్మపు మడతను కూడా కొలవాలన్న 1995 నాటి షరతుతో పోల్చి చూస్తే, మధ్యలో వదిలిన జాగ్రత్త మరో రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు:

1. కౌమారం వర్గ సూత్రానికి పూర్తిగా లొంగదన్న సంగతి ఆ సూత్రం పుట్టిన 1835లోనే తెలుసు. 1977 పటాలు యుక్తవయసు ముందు ఆగిపోవడం, 1995 సంఘం చర్మపు మడతను కోరడం ఆ ఎరుకకు కొనసాగింపులే. సౌలభ్యం కోసం సూచిక ఒక్కటే మిగిలింది.

2. పోలిక సమూహం సహజంగా దొరికేది కాదు, ఎంచుకున్నది. బరువెక్కిన పిల్లలను 2000లో అమెరికా, 2015లో భారతదేశం పక్కనపెట్టడం, పేదపిల్లల కొలతలను ప్రమాణంగా అంగీకరించకపోవడం ఈ ఎంపికకు నిదర్శనాలు.

3. హద్దు మారితే వర్గం మారుతుంది. కాబట్టి ఏ పటం వాడారో చెప్పని శాతానికి పరిశోధనలో విలువ తక్కువ.

4. భారతీయ కౌమారుల విషయంలో సూచిక రెండు విధాలుగా పొరబడగలదు. ముందుగా ఈడేరిన బాలికను, కండ పెరిగిన బాలుడిని అది స్థూలకాయుల వర్గంలో చేర్చవచ్చు. సన్నని దేహంలో కొవ్వు దాగిన పిల్లవాడిని ఆరోగ్యవంతుడని వదిలేయవచ్చు. మొదటి పొరపాటు ఎదిగే పిల్లలకు తమ దేహం మీద అయిష్టాన్ని కలిగిస్తుంది. రెండవది రానున్న రోగాన్ని దాచిపెడుతుంది.

ఇంతమాత్రాన సూచికను వదిలివేయనక్కరలేదు. 1975 నుండి 2016 వరకు ప్రపంచంలో స్థూలకాయులైన 5–19 ఏళ్ళ వారి సంఖ్య సుమారు 1.1 కోట్ల నుండి 12.4 కోట్లకు పెరిగిందని మనకు తెలిసింది ఈ సూచిక వల్లనే. జనసమూహపు గమనాన్ని చూపడంలో అది సమర్థమైన సాధనం. ఒక పిల్లవాడి మీద తీర్పు చెప్పడానికి మాత్రం అది తొలి ప్రశ్న కావాలి, తుది జవాబు కారాదు. “ఒళ్ళు చేశాడు” అన్న పాత మాటకు కొలత లేదు, కానీ ఆ మాట అన్నవారికి ఆ పిల్లవాడు నిన్న ఎలా ఉన్నాడో తెలుసు. ఒకే పిల్లవాడిని ఏళ్ళ తరబడి గమనిస్తూ, అతని దశను ఎరిగి కొలవాలని బోవాస్, టానర్ కోరినదీ అలాంటి తెలివిడినే. పాఠశాల ఆరోగ్య పరీక్షల నమోదులు ఏ ఏడాదికాయేడు విడిపోకుండా ఒకే పిల్లవాడి చరిత్రగా భద్రమైతే, రెండు శతాబ్దాల ఈ కొలమానం కౌమారులకు మరింత న్యాయం చేయగలదు.